బాబాయి కీబోర్డు మీది రామా గ్రీన్ బటన్లు

మా ఇంట్లో వాయించేవాళ్లకి కొదవ లేదు. నాన్న పౌరాణిక నాటకాలకి హార్మోనిస్టు. బాబాయి విజయవాడలో ఆర్కెస్ట్రా కీబోర్డు ప్లేయరు. అన్నయ్యకి తబలా పిచ్చి. నేను చూసేదాన్ని. వాయిద్యం మోగుతుంటే వినడానికి చుట్టూ చాలామందే చేరేవాళ్లు. ఆపేశాక దగ్గరికెళ్లి, ఏ మీట ఎక్కడుంది, ఈ గీత ఎందుకు గీశారు, అంచులకి చెక్క ఎందుకు వేశారు అని వంగి వంగి చూసింది మాత్రం నేనే. ఆ చూపే తర్వాత నాకు అన్నం పెట్టింది. ఆస్పత్రి యంత్రాల ముందుపలకల మీద ఏ నాబ్ ఎక్కడుండాలి, ఏ అక్షరం ఎంత లావుండాలి అని గీసే ఉద్యోగం నాది. పద్ధతిగా నేర్పింది కాలేజీలోనే అయినా, అందులో సగం నేను తెనాలిలో మా వరండాలోనే నేర్చేసుకున్నాను.

నాన్నది కాళ్లతో తొక్కే హార్మోనియం. నాటకం ఆడేచోట స్టేజీకి ఓ పక్కగా వేసేవారు. మడిచి మోసుకుపోవడానికి వీలైన టేకు పెట్టె. ముందువైపు లతలూ పువ్వులూ కోసిన పలక, దాని వెనక ఎర్ర గుడ్డ. "గుడ్డ ఎందుకు నాన్నా?" అంటే "లోపలికి దుమ్ము పోకుండానమ్మా" అనేవాడు. దుమ్ము సంగతి సరే, ఆ ఎరుపు లేకపోతే ఆ కోత పనంతా చీకట్లో కలిసిపోయేది. ట్యూబులైట్ల వెలుగులో వెనక వరసల వాళ్లకి కూడా ఆ లతలు కనపడ్డాయంటే గుడ్డ వల్లే.

మెట్ల పైన, అంటే వేళ్లతో నొక్కే కీల పైన, వరసగా స్టాపర్లు, తెల్లటి గుండ్రటి తలలతో. లాగితే ఆ వరస రీడ్లకి, అంటే గాలికి కంపించి మోగే లోహపు నాలుకలకి, గాలి అందుతుంది, తోస్తే ఆగిపోతుంది. ఏది బయటికుందో, ఏది లోపలికుందో ఒక్క చూపుకే తెలుస్తుంది. పద్యం మధ్యలో నటుడి ముఖం మీంచి కళ్లు తిప్పుకోకుండానే నాన్న వేలితో తడిమి తెలుసుకునేవాడు. వాయిద్యం ఇప్పుడు ఏ స్థితిలో ఉందో దాని ముఖం మీదే తెలియాలి. ఇంతేసి డబ్బు పోసి చేసిన ఆస్పత్రి యంత్రాల్లో కూడా ఈ ఒక్క ముక్క కోసం నేను ఇప్పటికీ మీటింగుల్లో పట్టుబడుతుంటాను.

ఇంకోటి, మెట్ల అరుగుదల. నాటకాల్లో పద్యాలు ఎత్తు శ్రుతిలో పాడతారు. అందుకని ఆ పెట్టెలో ఎడమవైపు మెట్లు తెల్లగానే ఉండి, మధ్య నుంచి కుడివైపున్నవి పసుపెక్కి, వేలు ఆనే చోట సన్నగా గుంటలు పడ్డాయి. నాన్న వాయించగా ఎన్నడూ వినని మనిషి కూడా ఆ గుంటలు చూసి ఆయన ఏ శ్రుతుల్లో ఎక్కువ తిరిగాడో చెప్పెయ్యొచ్చు.

చేతి హార్మోనియం గురించి కూడా ఒక మాట చెప్పాలి. యూరప్ నుంచి వచ్చిన పెట్టె కుర్చీలో కూర్చుని కాళ్లతో తొక్కి వాయించేది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో దాన్ని నేల మీద కూర్చుని వాయించుకునేట్టు మార్చాడు. తిత్తి వెనకవైపుకి వచ్చింది. ఒక చెయ్యి తిత్తికి, ఇంకో చెయ్యి మెట్లకి. ఇక్కడి జనం కూర్చునే తీరు ఒక వాయిద్యం ఆకారాన్నే మార్చేసింది. డిజైన్ గురించి పిల్లలకి ఏదైనా చెప్పమంటే నేను ఈ కథతోనే మొదలుపెడతాను.

బాబాయి మొదట కొన్నది కాసియో. కాలిక్యులేటర్లకి పేరుపడ్డ ఆ కంపెనీ వాయిద్యాల్లోకి దిగింది 1980లో, కాసియోటోన్ 201తో. బాబాయిది ఆ తర్వాత కాలంది, నల్ల ప్లాస్టిక్‌ది. రిథమ్ బటన్లు, పక్కన స్పీకరు చిల్లులు. పెళ్లిళ్లలో బాగానే పనికొచ్చింది. నాకు అంతకుమించి గుర్తులేదు.

1990 దసరాలకి ముందు యమహా డీఎక్స్7 వచ్చింది, విద్యుత్తుతో నాదాలు పుట్టించే సింథసైజర్ కీబోర్డు.

అది కొత్తది కాదు. యమహా దాన్ని తెచ్చింది 1983లో. 1987లో రోలాండ్ కంపెనీ డీ-50, 1988లో కోర్గ్ కంపెనీ ఎం1 వచ్చేసరికి మద్రాసులో కొందరు ప్లేయర్లు కొత్తవాటికి మారిపోతూ పాతవి అమ్మేస్తున్నారు. అలా చేతులు మారిన ఒకదాన్ని బాబాయి వడపళనిలో కొన్నాడు. విజయవాడ వెళ్లే రైలు తెనాలి మీదుగానే కదా, నాన్నకి చూపించకుండా ఇంటికి తీసుకెళ్లడం మనసొప్పక మా ఊళ్లో దిగిపోయాడు. దుప్పట్లో చుట్టిన పధ్నాలుగు కిలోల వాయిద్యాన్ని రిక్షాలో ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. వరండాలో నవారు మంచం మీద దుప్పటి విప్పాడు.

మొదట నలుపనుకున్నాను. ఎండ పడ్డాక తెలిసింది, నలుపు అనిపించేంత ముదురు గోధుమ రంగు. ఆ గోధుమ మీద అడ్డంగా రెండు వరసల బటన్లు. వాటి రంగుకి పేరు నాకు వెంటనే దొరికింది. చీరల కొట్లో రామా గ్రీన్ అంటారు చూడండి, నీలానికీ పచ్చకీ నడుమ ఉండేది, అందులో లేత ఛాయ. ముదురు గోధుమకి రామా గ్రీన్ అంచు. అమ్మ పెట్టెలో ఆ జతతో ఒక పట్టుచీర ఉండేది. జపాన్‌లో ఆ రెండు రంగుల్నీ పక్కపక్కన పెట్టినవాళ్లది ఎంత మంచి కన్నో! 1983 నాటికి వాయిద్యమంటే చెక్క రంగో, నలుపో, వెండి రంగో. వాటి మధ్య ఇది ఎక్కడున్నా దూరం నుంచే గుర్తుపట్టేట్టు ఉండేది.

బటన్లని తాకితే అంచు తగల్లేదు. పలకంతా ఒకే నున్నటి పొర, దాని కింద ఎక్కడో స్విచ్చులు. అక్కడ బటన్ ఉందని రంగు చెబుతుంది తప్ప వేలికి తెలియదు. 1 నుంచి 32 దాకా అంకెలు. ఒక్కో బటన్ దగ్గర ఇంకా సన్నటి అక్షరాలు, వేరే వేరే రంగుల్లో. ఒకే బటన్‌కి సందర్భాన్ని బట్టి పని మారుతుంది, ఏ సందర్భంలో ఏ రాత చదవాలో ఆ రంగే చెబుతుంది. ఎడమవైపు రెండు స్లైడర్లు. ఒకటి వాల్యూముకి, రెండోది లోపలున్న అంకెల్ని పెంచడానికీ తగ్గించడానికీ. చిన్న కిటికీలాంటి తెర మీద రెండు వరసలు, వరసకి 16 అక్షరాలు. 11 నొక్కితే ఈ.పియానో 1 అని పడేది. 26 నొక్కితే గంటల మోత.

నన్ను అసలు కదలనివ్వనివి పలక పైభాగంలో అచ్చువేసిన బొమ్మలు. 32 చిట్టి బొమ్మలు. ఒక్కోదాంట్లో ఆరు గడులు, వాటిని కలుపుతూ గీతలు. ఒకచోట ఆరూ పక్కపక్కనే, ఇంకోచోట ఒకదానిమీద ఒకటి నిలువుగా, మరోచోట రెండు కొమ్మలుగా చీలి. మా పెదతాతయ్య ఎవరి చేతో రాయించి దాచుకున్న వంశవృక్షం కాగితం సరిగ్గా అలాగే ఉండేది. పైగడి కింది గడిని కదిలిస్తుంది, అది దాని కిందిదాన్ని. చివరికి మన చెవికి చేరేది అట్టడుగు వరసే. ఇదంతా తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం ఇవి అలంకారం కోసం వేసినవి కావనీ, ఇందులో ఏదో లెక్క ఉందనీ తెలుస్తూనే ఉంది. గీతలకి ఆ గంభీరత ఉంది.

నాన్న కళ్లజోడు పెట్టుకుని చుట్టూ తిరిగి చూశాడు.

"ఏవిట్రా ఇది, తిత్తి లేదు, స్టాపర్లు లేవు. నాదం ఎక్కడ పుడుతుంది?"

"లోపల అంతా లెక్కలే అన్నయ్యా."

బాబాయి అన్నది అక్షరాలా నిజం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ 1967లో పట్టుకున్న సంగతి అది. ఒక కంపనంతో ఇంకో కంపనం వేగాన్ని చాలా వేగంగా మారుస్తూ పోతే, రెండింటిలోనూ లేని కొత్త నాదాలు పుడతాయి. గంట, పియానో, బాకా, ఏదైనా లెక్క మార్చడంలోనే ఉంది. యమహా ఆ హక్కులు తీసుకుని ఏళ్ల తరబడి కష్టపడి దాన్ని ఇంట్లో పెట్టుకునే వాయిద్యంగా మార్చింది.

నాన్న ఆ మాటకి ఏమీ అనలేదు. వంగి కంపెనీ గుర్తు దగ్గర వేలు పెట్టాడు. గుండ్రటి గీతలో మూడు శృతిదండాలు (ట్యూనింగ్ ఫోర్కులు), ఒకదాని మీద ఒకటి అడ్డంగా. "శ్రుతి గుర్తు పెట్టుకున్నార్రా. మంచివాళ్లే" అన్నాడు. ఆయన మెచ్చుకోలు ఎప్పుడూ అంత పొడుగే. ఆ కంపెనీ మొదలైన తీరు ఆయన ఉండగా నాకు తెలిసుంటే చెప్పి ఉండేదాన్ని. తొరాకుసు యమహా అనే ఆయన 1887లో హమామత్సులో ఒక బడిలో పాడైన రీడ్ ఆర్గన్‌ని బాగుచేశాడు, ఆ చేత్తోనే సొంతంగా ఒకటి తయారుచేశాడు. రీడ్ ఆర్గన్ అంటే నాన్న పెట్టెకి దగ్గరి చుట్టమే. మంచం మీదున్న గోధుమ రంగు పలకకీ పక్కన గోడకి ఆనించిన టేకు పెట్టెకీ మొదలు ఒకటే అన్నమాట.

డీఎక్స్7 అందం గురించి ఇంత చెప్పాక దాని లోటు కూడా చెప్పాలి. ఆ ముఖం తన లోపల ఏం జరుగుతోందో చూపించదు. ఒక్కో టోన్ వెనక, అంటే పియానో, గంట లాంటి ఒక్కో నాదం వెనక, వందకు పైగా అంకెలున్నాయి. అన్నింటికీ ఒక్కో నాబ్ పెట్టాలంటే పలక మంచమంత అవుతుంది. కాబట్టి బటన్‌తో ఎంచుకో, ఆ ఒక్క స్లైడరుతో మార్చు అన్నారు. ఖర్చు తగ్గింది, చెడిపోయే భాగాలు తగ్గాయి, రవాణాకి తేలికైంది. ఆ ఒక్క స్లైడరు ప్రస్తుతం ఎక్కడుందన్నది చూస్తే మాత్రం మోగుతున్న నాదం గురించి ఏమీ తెలియదు. నాన్న స్టాపర్లు చెప్పే నిజం ఇది చెప్పలేదు. పైనున్న 32 బొమ్మలూ లేకపోతే ఆ యంత్రం పూర్తిగా మూగదే అయ్యేది. అందుకే ఆ బొమ్మలు అచ్చువేయాలని పట్టుబట్టినవాళ్ల మీద నాకు అంత గౌరవం.

స్టేజీ మీద దాని వైభవం వేరు. వినాయక చవితి పందిళ్లు, శ్రీరామనవమి పందిళ్లు, ఊళ్లలో తిరునాళ్లు. తళతళలాడే ఎక్స్ స్టాండు మీద, ముందు ఎర్ర శాటిన్ గుడ్డ, గుడ్డ మీద రేడియం స్టిక్కరుతో ఆర్కెస్ట్రా పేరు. పాటలు పాడేవాళ్లు స్టేజీ మధ్యలో ఉన్నా పిల్లలందరం కీబోర్డు వైపే చేరేవాళ్లం. కీబోర్డు మీది చిన్న తెరకి వెనక దీపం లేదు. రాత్రి కార్యక్రమాల్లో అక్షరాలు కనపడక బాబాయి స్టాండుకి చిన్న బల్బు ఒకటి వైరుతో కట్టుకున్నాడు. ఆ బల్బు వెలుగు సరిగ్గా రామా గ్రీన్ వరసల మీద పడి, మిగతా వాయిద్యమంతా చీకట్లో కలిసిపోయేది.

బటన్ల పైన ఖాళీ జాగాలో ఆయన సన్నటి కాగితం ముక్కలు అంటించుకున్నాడు. ఒక్కో ముక్క మీద తెలుగులో రాత, "ఫ్లూట్ 2", "సన్నాయి దగ్గరిది", "వాన", "గుడి గంట". జపాన్ వాళ్లు అచ్చువేసిన సన్నటి ఇంగ్లీషు అక్షరాల పక్కన బాబాయి గుండ్రటి రాత. తయారుచేసినవాళ్లు గీసిన ముఖం మీద వాడుకునేవాళ్లు ఇంకో ముఖం గీసుకుంటారు. నా ఉద్యోగంలో నేను ఏ ఆస్పత్రికి వెళ్లినా మొదట చూసేది నర్సులు యంత్రానికి ఏం అంటించారన్నదే. మేం ఎక్కడ చెప్పకుండా వదిలేశామో ఆ ప్లాస్టరు ముక్కలే చెబుతాయి.

విజయదశమికి ఆయుధపూజలో కీబోర్డుకీ పసుపు, కుంకుమ. బాబాయి బొట్లు అంచు మీద వరసగా పెట్టేవాడు, ఒక్కటి కూడా బటన్ల మీద పడనిచ్చేవాడు కాదు. ముదురు గోధుమ మీద పసుపు, దాని నడుమ ఎరుపు, పక్కనే ఆ లేత నీలి పచ్చ. ఫొటో తీసుకోవాలన్న ఆలోచన అప్పుడు ఎవరికీ రాలేదు.

మరుసటి వేసవిలో బాబాయి నన్ను మద్రాసు తీసుకెళ్లాడు. మౌంట్ రోడ్డులో 1842 నుంచీ ఉన్న మ్యూజీ మ్యూజికల్‌లో పియానోలు చూశాను. నల్లగా, అద్దంలో చూసుకున్నట్టు మన ముఖం కనపడేంత నునుపుగా. గొప్పగా ఉన్నాయి. మనసు మాత్రం ఆ సాయంత్రం వడపళనిలో బాబాయి స్నేహితుడి ఇంట్లో పోయింది. ఆయన గదిలో కిటికీ కింద రోలాండ్ జూనో-106 సింథసైజర్.

1984 నాటిది అది. దాని పలకని ఎడమ నుంచి కుడికి చదువుకోవచ్చు. నేను ఆ మాట ఊరికే అనడం లేదు. మొదట ఊగించే భాగం, తర్వాత నాదం పుట్టే భాగం, తర్వాత దాన్ని వడకట్టే ఫిల్టరు, తర్వాత బలం, తర్వాత నాదం ఎంతసేపట్లో లేచి ఎంతసేపట్లో వాలాలన్న నాలుగు స్లైడర్లు, చివర ఒక్క నాదాన్నే గుంపుగా మోగినట్టు వినిపించే కోరస్. ఒక్కో భాగం నెత్తిన నీలం, ఎరుపు పట్టీలు. భాగానికీ భాగానికీ మధ్య సన్నటి గీత. విద్యుత్తు లోపల ఏ దారిన పోతోందో పలక మీద అదే దారి. "రా అమ్మా, ఇది కిందికి లాగు" అన్నారాయన, ఫిల్టరు స్లైడరు చూపించి. లాగాను. బాకాలా మోగుతున్నది మెల్లగా దుప్పటి కప్పుకున్నట్టు మందమైపోయింది. పైకి తోశాను, మళ్లీ తెరుచుకుంది. నా వేలు ఎంత ఎత్తులో ఉందో నాదం అంత వెలుగుతో ఉంది. ఒకే గదిలో అటు చూస్తే చేతి కదలిక, ఇటు వింటే దాని ఫలితం, రెండింటి మధ్యా దూరమే లేదు.

ఆ వయసులో నాకు అర్థమైంది ఇంత: మోగుతున్న నాదానికి అక్కడ స్లైడర్లు నిలిచిన తీరే చిత్రపటం. నాలుగు స్లైడర్ల తలలు కలిపి గీత గీస్తే ఆ స్వరం ఎలా లేచి ఎలా వాలుతుందో కళ్లకి కట్టినట్టే. అప్పటిదాకా నేను ఇష్టపడుతున్నది వాయిద్యాల సోకునేమో అనుకునేదాన్ని. కాదు. ముఖం నిజం చెప్పే వాయిద్యం అంటే నాకు ప్రాణం.

ఆ చదువుకునే పలకకి మూలపురుషుడు 1970 నాటి మినీమూగ్, మూగ్ కంపెనీ సింథసైజర్. న్యూయార్క్ రాష్ట్రంలో ట్రూమన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో తయారైంది. 44 మెట్లు, వాల్‌నట్ చెక్క పెట్టె, ఎత్తి నిలబెట్టుకునే పలక. పడుకోబెడితే పెట్టె, నిలబెడితే వాయించేవాడికి ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది. అంతకు ముందు మూగ్ యంత్రాలు గోడంత బీరువాలు, వాటి ముందు తీగల అల్లిక. ఆ తీగలన్నీ తీసేసి, ఎక్కువమంది ఎలా కలుపుకుంటున్నారో చూసి ఆ దారినే ఒక పలకగా గట్టిపరిచారు. ఎడమవైపు రెండు చక్రాలు, స్వరాన్ని వంచడానికి ఒకటి, ఊపడానికి ఒకటి. మన గమకాలకి కీబోర్డులో కాస్తో కూస్తో చోటు దొరికిందంటే ఆ మొదటి చక్రం వల్లే. తర్వాత వచ్చిన కంపెనీలు చాలావరకు ఏదో ఒక రూపంలో దాన్ని ఎడమ చేతివైపే పెట్టాయి. డీఎక్స్7లోనూ ఉంది. బాబాయి ఆ చక్రం మీద బొటనవేలు ఆనించి సన్నాయి వాయించేవాడు.

అందరూ మెట్లు పెట్టాలనుకోలేదు లెండి. కాలిఫోర్నియాలో డాన్ బుక్లా అనే ఆయన అరవైల్లో తాను చేసిన సింథసైజర్లకి నలుపు తెలుపు మెట్లు వద్దని తాకే రేకులు పెట్టాడు. మెట్లు చూస్తే పాత పాటలే గుర్తొస్తాయన్న పట్టుదల ఆయనది. గౌరవిస్తాను. అయినా నలుపు తెలుపు వరస లేని కీబోర్డు నా కంటికి ఆనదు. రెండు, మూడు, రెండు, మూడు అంటూ నల్ల మెట్లు గుంపులు కట్టిన ఆ లయే మొత్తం ముఖానికి పునాది.

ఇంటర్ అయ్యాక కొన్నేళ్లకి అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో చేరాను. అక్కడ ఉండగా తెలియని సంగతి ఒకటి చాలా ఏళ్ల తర్వాత తెలిసి రాత్రంతా నిద్రపట్టలేదు. 1969లో అమెరికా నుంచి సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి అదే ప్రాంగణంలో ఒక మూగ్ సింథసైజర్ నిలబెట్టాడు. సంగీతకారిణి గీతా సారాభాయ్ చొరవతో వచ్చింది ఆ స్టూడియో. మూడు నాలుగేళ్లు అక్కడ మనవాళ్లే దాని మీద నాదాలు కట్టారు. ఆ టేపులు ఈమధ్యే మళ్లీ వెలుగులోకి వచ్చాయి. బాబాయి కాసియో కొనడానికి ఎంతో ముందే ఈ దేశంలో ఒక చెక్క బీరువా నిండా నాబ్‌లు, రంగు తీగలు ఉన్నాయన్నమాట. కుర్చీలకీ అక్షరాలకీ మధ్య ఆ యంత్రం కూడా ఒక డిజైన్ బడిలోనే చేరడం నాకు ఎంతో సబబుగా అనిపించింది.

రంగు గురించి ఇంకొక్క వాయిద్యం సంగతి చెప్పకుండా ఉండలేను. దానికి మెట్లు లేవు. రోలాండ్ టీఆర్-808, 1980 నాటి రిథమ్ యంత్రం. కింది అంచున 16 బటన్లు. మొదటి నాలుగు ఎరుపు, తర్వాతి నాలుగు నారింజ, తర్వాత పసుపు, చివర తెలుపు. అన్నయ్యకి ఆ బొమ్మ చూపించినప్పుడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "చతురశ్రమే కదే, నాలుగు నాలుగులు" అన్నాడు. ఇంగ్లీషు చదవక్కర్లేదు, పుస్తకం తెరవక్కర్లేదు. తాళం వేసుకునే చెయ్యి ఉన్న ఎవరికైనా ఆ నాలుగు రంగులు చాలు. బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అనే సంగీతకారుడు 1982లో ఈ 808నీ, దాని జోడీ అయిన బేస్ యంత్రం టీబీ-303నీ, రంగురంగుల బటన్ల కీబోర్డు జూపిటర్-8నీ పక్కపక్కన పెట్టుకుని రాగాలు వాయించి రికార్డు వేశాడు. ఆ బల్ల మీద ఎన్ని రంగులుండేవో ఊహించుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

తొంభైల్లో రంగులు పోయాయి. కోర్గ్ ఎం1 మోత అద్భుతం, ముఖం మాత్రం నల్లటి పలక, మధ్యలో తెర. దాని తర్వాత వచ్చినవి చాలావరకు అదే దారి. ఏం చేయాలన్నా తెర లోపలికి వెళ్లి, అందులో పేజీ వెతికి, అందులో గీత వెతికి. బాబాయి కూడా మారక తప్పలేదు, పాటలన్నీ ఆ టోన్లలోనే వస్తుంటే ఆర్కెస్ట్రా వెనకబడకూడదు కదా. ఆ కొత్త కీబోర్డు మీద ఆయన కాగితం ముక్కలు అంటించలేదు. అంటించడానికి దేని పక్కన అంటించాలి?

1995లో స్వీడన్ నుంచి నార్డ్ లీడ్ అనే సింథసైజర్ వచ్చింది, నిలువెల్లా ఎరుపు, నిండా నాబ్‌లు. దాని ఫొటో మొదట చూసినప్పుడు మేలు చేసే కబురు విన్నంత సంతోషం. తర్వాత ఒక్కొక్కటిగా పాత ముఖాలే తిరిగొచ్చాయి. 2013లో కోర్గ్ వాళ్ల ఎంఎస్-20 చిన్న సైజులో, 2016లో మినీమూగ్ అచ్చం పాత రూపంలోనే. తెరలన్నీ చవకైపోయిన రోజుల్లో జనం డబ్బు పోసి నాబ్‌లు కొనుక్కోవడం చూస్తే వేళ్లూ కళ్లూ కలిసి పనిచేయాలని మనుషులు ఎంతగా కోరుకుంటారో తెలుస్తుంది. ఫోన్ తెర మీద మినీమూగ్ బొమ్మ గీసి, చెక్క నరాలు కూడా రంగులో దించి ఇచ్చే యాప్‌లు ఉన్నాయి. బాగా చేశారు. కానీ నున్నటి గాజు మీద వేలు జారుతుంటే కన్ను ఒకటి చెబుతుంది, వేలు ఇంకోటి చెబుతుంది.

బాబాయి డీఎక్స్7 ఇప్పటికీ విజయవాడలో ఆయన ఇంట్లోనే ఉంది. లోపల బోర్డు మీద చిన్న బ్యాటరీ అతికించి ఉంటుంది, టోన్లు గుర్తుండేది దాని వల్లే. అది అయిపోతే తెర మీద పేర్లన్నీ చెదిరిపోతాయి. ఒక టీవీ రిపేరు అబ్బాయి చేత మార్పించి, టోన్లు కంప్యూటర్ నుంచి మళ్లీ ఎక్కించాం. కాగితం ముక్కలు తుడిచేస్తానన్నాడు ఆ అబ్బాయి. బాబాయి ఒప్పుకోలేదు.

ఈ ఏడాది మా తమ్ముడి కొడుకు, అంటే బాబాయి మనవడు, ఇంజనీరింగ్ ప్రాజెక్టుకని సొంతంగా చిన్న సింథసైజర్ కడుతున్నాడు. "అత్తా, ముందుపలక నువ్వే గీయాలి, అక్షరాలన్నీ తెలుగులో ఉండాలి" అన్నాడు. ఇన్నేళ్లుగా యంత్రాల ముఖాలు గీస్తున్నా తెలుగు అక్షరాలతో పలక గీయడం ఇదే మొదలు. దీని ఇబ్బందులు దీనికున్నాయి. ఇంగ్లీషు పెద్దక్షరాలైతే రెండు గీతల మధ్య ఒద్దికగా కూర్చుంటాయి. మన "ఫిల్టర్" పైన గుడి, కింద ట వత్తు. గుడికి చోటిస్తే వత్తు స్లైడరు గాడిలోకి దిగుతోంది, వత్తుకి చోటిస్తే పేరు పై గీతకి తగులుతోంది. స్క్రీన్ ప్రింటింగ్‌లో చిన్న సైజు వేస్తే "ఎన్వలప్"లో (నాదం లేచి వాలే తీరుని మార్చే ఆ నాలుగు స్లైడర్ల భాగం పేరు) సందులు సిరాతో పూడుకుపోతున్నాయి. కాబట్టి అక్షరం సన్నం చేసి, పేర్లన్నీ స్లైడర్ల పైనే ఉంచాను. వత్తులకి కింద ఖాళీ వదిలి, ఆ ఖాళీ తర్వాత స్లైడరు గాడి మొదలయ్యేట్టు. అప్పుడు చూస్తే ఆ గుండ్రటి అక్షరాల వరస మొత్తం పలకకి ఎక్కడా లేని అందం తెచ్చింది.

ఎడమ నుంచి కుడికి చదువుకునేట్టే గీశాను, జూనోలో లాగా. భాగాలకి నాలుగు రంగులు. నమూనా కాగితం మీద అచ్చుతీసి మొన్న బాబాయికి చూపించాం. ఆయన వేళ్లు కాగితం మీద పెట్టి, మోగుతున్నట్టే నాలుగు స్లైడర్లనీ ఒకేసారి జరిపి చూశాడు. "రంగులు బాగున్నాయమ్మా. స్లైడర్ల మధ్య ఎడం చాలదు, వాయిస్తూ రెండు పట్టుకోవాలంటే పక్కదానికి తగులుతుంది" అన్నాడు. నాలుగు మిల్లీమీటర్లు పెంచాను. పలక వెడల్పు పెరిగింది కాబట్టి చివర కోరస్ బటన్లు రెండూ పక్కపక్కన కాకుండా ఒకదాని కింద ఒకటి వచ్చాయి. కొత్త నమూనా ఈ ఆదివారం అచ్చు తీయిస్తున్నాం.